సంక్రాంతి నాటికి హయసింత్ పూయాలంటే దుంపలు ఎప్పుడు నాటాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నారు. పోయినేడు సెప్టెంబర్ మొదటి వారంలో గార్డెన్ సెంటర్‌లో హయసింత్ (ఉల్లిపాయ లాంటి దుంప నుంచి గాఢమైన వాసనతో పూసే పూల మొక్క) దుంపలు కొని, ప్యాకెట్ మీద రాసినట్టే ఆ వారంలోనే నాటారు. పది వారాలు గ్యారేజీలో చీకట్లో ఉంచి నవంబర్ మధ్యలో హాల్లోకి తెచ్చారు. పువ్వు మాత్రం కాడ సాగకుండా ఆకుల మధ్యలోనే ఇరుక్కుని, అక్కడే విచ్చుకుని, అక్కడే వాడిపోయింది. ఈసారి సంక్రాంతికి బొమ్మల కొలువు పక్కన నిండుగా పూసిన కుండీ పెట్టాలని ఉంది, ఏ తేదీన నాటాలి అని మీ ప్రశ్న.

ముందు తేదీలు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. 'ప్రిపేర్డ్' అని, అంటే తొందరగా పూసేలా ముందే సిద్ధం చేసినవని, రాసి ఉన్న దుంపలే కొనండి. అక్టోబర్ 6 ప్రాంతంలో వాటిని పొడిగా, కాగితం సంచిలో ఫ్రిజ్‌లో పెట్టండి. నవంబర్ 1న తీసి కుండీలో నాటి తోటలోని షెడ్‌లో చీకట్లో ఉంచండి. డిసెంబర్ 22 ప్రాంతంలో ఇంట్లోకి తీసుకురండి. జనవరి 14కి పూస్తాయి. ఇంగ్లండ్ దక్షిణ భాగంలో పద్దెనిమిదేళ్లుగా ప్రతి చలికాలం ఇవి పూయిస్తున్నాను. చాలాసార్లు తప్పి, కొన్నిసార్లు కుదిరి, చివరికి నా చేతికి నిలిచిన లెక్క ఇది.

మీరు ఏ తేదీన నాటాలి అని అడిగారు, అందరూ అలాగే అడుగుతారు. నేనూ మొదట్లో అలాగే అడిగేదాన్ని. కానీ హయసింత్‌కి మనం మట్టిలో పెట్టిన తేదీతో పెద్దగా పని లేదు. దానికి చలి తగలడం ఏ రోజు మొదలైంది, ఎన్ని వారాలు ఆగకుండా తగిలింది, లెక్క అంతా అక్కడే. చలి అంటే 9 డిగ్రీలు, అంతకంటే తక్కువ. మీరు సెప్టెంబర్ 7న నాటారనుకుందాం. ఇక్కడ సెప్టెంబర్‌లో పగలు ఇంకా 18, 19 డిగ్రీలు ఉంటుంది. ఇంటిని ఆనుకుని ఉన్న గ్యారేజీ, అందులో బాయిలర్ కూడా ఉందని రాశారు. అంటే అక్టోబర్ సగం అయ్యేదాకా మీ దుంపలకు చలి అన్నదే తెలియదు. మీరు లెక్కపెట్టిన పది వారాల్లో దుంప లెక్కలోకి వచ్చినవి మూడో నాలుగో. అంత తక్కువ చలితో పువ్వైతే విచ్చుకుంటుంది కానీ కాడ సాగదు. మీ తప్పేమీ లేదు, ప్యాకెట్ మీద 'చల్లని చోట పది వారాలు' అని రాస్తారే తప్ప ఎంత చల్లగా అన్నది చాలా వాటి మీద ఉండదు.

ఇది ఎందుకిలా ఉంటుందో కళ్లతో చూడాలంటే ఒక దుంపను బలి ఇవ్వాలి. నేను ఒక అక్టోబర్‌లో ఆ పని చేశాను. పెద్ద దుంపను పైనుంచి కిందికి నిలువుగా కోశాను. చూడ్డానికి ఉల్లిపాయ కోసినట్టే ఉంది, తెల్లటి పొరలు, అడుగున గట్టి పలక. కానీ సరిగ్గా మధ్యలో, ఆ పలక మీద కూర్చుని, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో చిన్న పొత్తు ఒకటి కనిపించింది. లేత మొక్కజొన్న పొత్తును వేలిగోరంత చేస్తే ఎలా ఉంటుందో అలా. దగ్గరగా చూస్తే ఒక్కో గింజా ఒక్కో మొగ్గ. అంటే మనం కొనేసరికే పువ్వు మొత్తం లోపల తయారై ఉంది. ఎన్ని పూరేకులు, ఎన్ని మొగ్గలు అన్నది ఆ వేసవిలోనే, దుంపను నేలలోంచి తవ్వి తీశాక గోదాముల్లో ఆరబెట్టినప్పుడే తేలిపోయింది. మనం చేయగలిగింది ఆ పొత్తును బయటికి సాగనంపడం మాత్రమే. సాగే శక్తి దానికి చలి ఇస్తుంది. చలిలో దుంపలో దాచుకున్న పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది, కాడ సాగడానికి కావలసిన మార్పులు లోపల జరుగుతాయి, కింద వేళ్లు దిగుతాయి. పైకి ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. అందుకే మనకు ఓపిక పోతుంది.

ఇప్పుడు ప్రిపేర్డ్ దుంపల మాట. హయసింత్ పుట్టిల్లు టర్కీ, సిరియా, లెబనాన్ వైపు కొండలు. అక్కడ వేసవి బాగా వేడి, చలికాలం మంచి చలి. యూరప్‌కి 16వ శతాబ్దంలో వచ్చింది. తర్వాత నెదర్లాండ్స్‌లో హార్లెం చుట్టుపక్కల ఇసుక నేలల్లో స్థిరపడింది. 20వ శతాబ్దం మొదట్లో ఆ పక్కనే ఉన్న లిస్సె ఊళ్లో నికోలాస్ డామెస్ అనే దుంపల రైతు ఒక సంగతి పట్టుకున్నాడు. దుంపలను మామూలు కంటే ముందే తవ్వి తీసి, కొన్ని వారాలు వేడిలో ఉంచి, ఆ వేడిని మెల్లగా తగ్గిస్తూ వస్తే లోపలి పువ్వు తొందరగా తయారవుతుంది. పుట్టింటి వేసవిని దానికి ముందుగా చూపించడం అన్నమాట. దాంతో క్రిస్మస్‌కే పూయించడం వీలైంది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోనే వాగెనింగెన్ ఊళ్లో శాస్త్రవేత్తలు ఏ దశలో ఎంత వేడి కావాలో పద్ధతిగా తేల్చారు. ఇప్పుడు మనకు షాపులో దొరికే ప్రిపేర్డ్ దుంపలకు 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి మెట్లు మెట్లుగా దించుకుంటూ వస్తారు. అలాంటి దుంపకు 10, 11 వారాల చలి చాలు. మామూలు దుంపకు 13, 14 వారాలు కావాలి. పైగా ఎంత చలి పెట్టినా జనవరి ఆఖరు కంటే ముందు దాన్ని నమ్ముకోలేం. సంక్రాంతికి మామూలు దుంప కొనొద్దు. ధర తక్కువ కదా అని నేను రెండేళ్లు కొన్నాను, రెండేళ్లూ పండగ వెళ్లిన మూడు వారాలకు పూశాయి.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. పెళ్లి ముహూర్తం పెట్టుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ పసుపు కొట్టడం ఎప్పుడు, పందిరి ఎప్పుడు అని చూసుకుంటామే, అలా. జనవరి 14 ముహూర్తం. ఇంట్లోకి తెచ్చాక పూయడానికి మూడు వారాలు, రెండు రోజులు అటూ ఇటూ. కాబట్టి ఇంట్లోకి తేవలసింది డిసెంబర్ 22. దానికి ముందు 11 వారాల చలి, అంటే 77 రోజులు. వెనక్కి లెక్కపెడితే అక్టోబర్ 6.

చిక్కు ఎక్కడంటే, మన వైపు, అంటే ఇంగ్లండ్ దక్షిణాన, అక్టోబర్ కూడా నిజమైన చలి నెల కాదు. రాత్రి 7, 8కి పడినా పగలు 14, 15 ఉంటుంది. షెడ్‌లో మధ్యాహ్నం ఎండ తగిలితే ఇంకా పైకి పోతుంది. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. అందుకే అక్టోబర్ పని ఫ్రిజ్‌కి, నవంబర్, డిసెంబర్ పని షెడ్‌కి పంచి ఇచ్చేశాను. ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీల దగ్గర దుంప పొడిగా ఉన్నా చలి లెక్కలో పడుతుంది. ఆ 26 రోజులూ వృథా కావు. నవంబర్‌లో షెడ్‌లో సగటున 7, 8 డిగ్రీలు ఉంటుంది, డిసెంబర్‌లో ఇంకాస్త తక్కువ. వేళ్లు దిగడానికి అంతకంటే మంచి వాతావరణం లేదు. నెదర్లాండ్స్‌లో వ్యాపారానికి పూయించేవాళ్లు కూడా నాటిన పెట్టెలను మొదట 9 డిగ్రీల గదిలోనే వేళ్లు దిగనిస్తారు. తర్వాత 5కి, ఇంకా ఆపాలనుకుంటే సున్నా దగ్గరికి దించుతారు. వాళ్లు యంత్రాలతో చేసేదే మనం నెలలు చూసుకుని చేస్తున్నాం.

నాలుగైదు పౌండ్లు పెట్టి ఒక థర్మామీటర్ కొనండి, అత్యధికం, అత్యల్పం రెండూ గుర్తుంచుకునే రకం. కుండీ పక్కనే నేల మీద పెట్టండి, గోడకు తగిలించొద్దు. ఇది లేకుండా 'మా షెడ్ చల్లగానే ఉంటుంది' అని ఎవరు చెప్పినా నేను నమ్మను, నా మాటతో సహా. మా పాత ఇంట్లో మెట్ల కింద అల్మరా ఉండేది, చెయ్యి పెడితే చల్లగా తగిలేది. దుంపలు అక్కడే పెట్టేదాన్ని. థర్మామీటర్ పెట్టి చూస్తే 15 డిగ్రీలు! మిగతా ఇల్లు 21 ఉంది కాబట్టి అది చల్లగా అనిపించింది, అంతే. దుంపకు మన ఒంటితో పోలిక లేదు.

ఫ్రిజ్ విషయంలో రెండు జాగ్రత్తలు, రెండూ ముఖ్యమైనవే. యాపిల్, అరటి, మామిడి, టమాటా లాంటివి పండుతున్నప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. కాయలు మాగబెట్టడానికి మన పండ్ల మార్కెట్లలో వాడేది ఈ గుణం ఉన్న వాయువులనే. దుంప లోపల ఉన్న ఆ చిన్న పొత్తుకు అది విషం. మొగ్గలు లోపలే ఎండిపోతాయి, మనకు డిసెంబర్ దాకా తెలియదు. ఒక ఏడాది కింది డ్రాయర్‌లో యాపిల్ సంచి పక్కనే పన్నెండు దుంపలు పెట్టాను. ఆకులు చక్కగా వచ్చాయి. మధ్యలో పువ్వు ఉండాల్సిన చోట గోధుమరంగు కాగితం ముక్కలా ఏదో మిగిలింది, పన్నెండింటిలో తొమ్మిది అలాగే పోయాయి. ఆ నెల పండ్లు బయట బుట్టలో పెట్టుకోండి, లేదా పానీయాలకు వేరే చిన్న ఫ్రిజ్ ఉంటే దుంపలు అందులో పెట్టండి.

రెండోది, సంచి మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ రాయండి: 'పూల దుంపలు, తినకూడదు'. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలే. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు పప్పులోకి ఉల్లిపాయ కోసమని ఫ్రిజ్ తెరిచి ఒకటి చేతిలోకి తీసుకున్నారు, నేను పక్కనే ఉండబట్టి సరిపోయింది. తింటే కడుపునొప్పి, వాంతులు. కుక్కలకు, పిల్లులకు కూడా మంచిది కాదు, ఇంట్లో పెంపుడు జంతువు ఉంటే కుండీ అందని ఎత్తులో ఉంచండి.

దురద సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ దుంపల పొట్టు ముట్టుకుంటే చాలామందికి చేతులు, మెడ దురద పెడతాయి. కంద, చేమ తరిగేటప్పుడు చేతులు ఎందుకు దురద పెడతాయో ఇదీ అందుకే, కాల్షియం ఆక్సలేట్ సూదులు. కంద కోసేముందు నూనో చింతపండో రాసుకునేవాళ్లం కదా. దీనికి తొడుగులు వేసుకోండి, దుంపల మీద కాస్త నీళ్లు చిలకరించండి. పొట్టు ధూళి లేవకపోతే సగం దురద ఉండదు. ముఖం మాత్రం తుడుచుకోకండి.

నాటడం తేలిక. నవంబర్ 1న, అడుగున రంధ్రాలున్న కుండీలో మామూలు మల్టీపర్పస్ కంపోస్ట్ వేసి, దుంప ముక్కు బయటికి కనిపించేలా పెట్టండి. దుంపలు ఒకదానికొకటి ఆనకుండా వేలి సందు ఉంచండి. 20 సెంటీమీటర్ల కుండీలో మూడు బాగుంటాయి. కంపోస్ట్‌ను మరీ గట్టిగా అదమొద్దు, వేళ్లు దిగలేక దుంపనే పైకి ఎత్తేస్తాయి. తడి ఉండాలి, నీళ్లు నిలవకూడదు. పిండితే చుక్క రాలకూడదు, చేతికి చెమ్మ తగలాలి. పైన నల్ల ప్లాస్టిక్ సంచి వదులుగా కప్పండి, రెండు వారాలకోసారి తడి చూడండి. ఎలుకలు, ఉడతలు వచ్చే షెడ్ అయితే పైన జాలీ. బయట బాగా గడ్డకట్టే రాత్రులు వస్తే పాత దుప్పటి చుట్టండి, కుండీ మొత్తం గడ్డకట్టడం మంచిది కాదు.

గాజు పాత్రలో నీళ్ల మీద పెంచాలనుకుంటే అదీ చేయొచ్చు, పిల్లలకు అది చాలా ఇష్టం, తెల్లటి వేళ్లు నీళ్లలోకి దిగడం కనిపిస్తుంది కాబట్టి. హయసింత్ గ్లాస్ అనే నడుము సన్నగా ఉన్న పాత్ర దీనికే చేశారు. నీటి మట్టం దుంప అడుగుకు తగలకూడదు, కొద్దిగా కింద ఉండాలి. వేళ్లు నీటి వాసన పట్టుకుని కిందికి వస్తాయి. తగిలితే అడుగు కుళ్లుతుంది, వారంలో వాసన వస్తుంది. తేదీలు అవే.

ఇక డిసెంబర్. క్యాలెండర్ మీద ఆధారపడటం ఇక్కడ ఆపేయాలి. డిసెంబర్ 15 నుంచి రెండు రోజులకోసారి సంచి తీసి చూడండి. రెండు గుర్తులు కావాలి. ఒకటి, కుండీ అడుగు రంధ్రాల్లోంచి తెల్లటి వేళ్లు తొంగి చూస్తుండాలి. రెండోది, మొలక 4, 5 సెంటీమీటర్లు లేచి ఉండాలి. అదీ చాలదు. మొలకను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టుకుని దుంప ముక్కు దగ్గర నుంచి పైకి మెల్లగా ఒత్తుకుంటూ రండి. దుంపకు ఆనుకున్న చోట ఆకుల మధ్య మెత్తగా, ఖాళీగా తగిలి, దానికి కాస్త పైన గట్టిగా ఉబ్బెత్తు తగిలితే పువ్వు దుంప మెడలోంచి బయటికి వచ్చేసినట్టు. ఉబ్బెత్తు ఇంకా దుంప లోపలే ఉందనిపిస్తే తేవద్దు. పండగ దగ్గర పడుతోందని టెన్షన్ పడి ఆ దశలో వేడి గదిలోకి తెస్తే, పోయినేడు మీకు జరిగిందే మళ్లీ జరుగుతుంది. మూడు రోజులు ఆగడం వల్ల పండగకు రెండు రోజులు ఆలస్యంగా పూస్తుందేమో. తొందరపడితే ఆ పువ్వు ఇక ఆకుల్లోంచి పైకి లేవదు. ఇలా మొలక తడిమి చూసే పరీక్ష మా పాత ఇంటి పక్కింటి పెద్దావిడ నాకు నేర్పారు. ఆవిడ కళ్లు సరిగా కనబడకపోయినా తడిమే చెప్పేవారు, ఒక్కసారీ తప్పలేదు.

డిసెంబర్ 22న తెచ్చాక నేరుగా హాల్లో పెట్టకండి. మొదటి ఏడెనిమిది రోజులు 10, 12 డిగ్రీలుండే చోట, వెలుతురు మరీ ఎక్కువ లేకుండా ఉంచండి. రేడియేటర్ ఆపేసిన గెస్ట్ రూమ్, వరండా లాంటి పోర్చ్, ఏదైనా సరే. లేత పసుపుగా ఉన్న మొలక ఆకుపచ్చకు తిరుగుతుంది. అప్పుడు బాగా వెలుతురొచ్చే కిటికీ దగ్గరికి, 16 నుంచి 18 డిగ్రీలకు మార్చండి. రోజూ కుండీని పావు వంతు తిప్పండి, లేకపోతే పువ్వంతా కిటికీ వైపే వంగిపోతుంది. రేడియేటర్ పైన ఉన్న కిటికీ గట్టు మాత్రం వద్దు.

ఈ మూడు వారాల్లో మీ చేతిలో చిన్న తాళం ఒకటి ఉంటుంది. జనవరి 7 కల్లా మొగ్గలకు రంగు పడిందంటే ముందు నడుస్తోంది. రాత్రుళ్లు పోర్చ్‌లో, 5 డిగ్రీల దగ్గర పెట్టండి, నాలుగైదు రోజులు ఆగుతుంది. 7వ తేదీకి ఇంకా పొత్తు పచ్చగా, ఆకుల కంటే కిందే ఉందంటే వెనకబడింది. 20 డిగ్రీల గదిలోకి తెచ్చి, గోరువెచ్చని నీళ్లు పోయండి. కాడ ఇంకా పొట్టిగా ఉంటే మందపాటి కాగితాన్ని పొట్లంలా చుట్టి, కొన దగ్గర చిన్న రంధ్రం ఉంచి మొలక మీద టోపీలా పెట్టండి. వెలుతురు వెతుక్కుంటూ కాడ సాగుతుంది. రెండు మూడు రోజులు చాలు. 23 డిగ్రీలు దాటనివ్వొద్దు, పై మొగ్గలు ఎండుతాయి.

అన్ని కుండీలూ ఒకే రోజు తేవద్దని గట్టిగా చెప్తాను. మూడు కుండీలు నాటితే ఒకటి డిసెంబర్ 19న, ఒకటి 22న, ఒకటి 25న తెండి. మొలక పరీక్షలో ఏది ముందుంటే అది ముందు. భోగి నాడు ఒకటి రంగు తేలుతుంటే, సంక్రాంతి నాడు ఒకటి సగం విచ్చుకుని ఉంటుంది, కనుమకు మూడోది అందుకుంటుంది. కొలువు తొమ్మిది రోజులు ఉంచేవాళ్లకు ఇదే సరైన పద్ధతి. వెచ్చటి గదిలో ఒక కుండీ వారం ఉంటుంది. రాత్రుళ్లు చల్లని చోటికి మారిస్తే రెండు వారాల దాకా వస్తుంది. వాసన చాలా గాఢంగా ఉంటుంది. బంధువులు నిండిన చిన్న గదిలో మూడు కుండీలు పెడితే తలనొప్పి వస్తుందనే వాళ్లుంటారు, ఒకటి చాలు. పువ్వు బరువుకు కాడ వాలిపోతే సన్నటి వెదురు పుల్ల ఆసరా ఇవ్వండి, దుంపలోకి గుచ్చుకోకుండా పక్కన.

రకాల్లో తొందరగా, నమ్మకంగా వచ్చేవి ఆనా మరీ, యాన్ బాస్, పింక్ పెర్ల్, డెల్ఫ్ట్ బ్లూ. మొదటిసారి లెక్క కుదరాలంటే డెల్ఫ్ట్ బ్లూ తీసుకోండి. పసుపు రంగు సిటీ ఆఫ్ హార్లెం మీకు కొలువు దగ్గర బంతిపూలతో కలిసి బాగుంటుందనిపిస్తుంది కానీ అది నిదానంగా పూసే రకం, సంక్రాంతికి నమ్ముకోవద్దు. తెల్లటి కార్నెగీ కూడా అంతే. దాన్ని మామూలు దుంపలే కొని, అక్టోబర్ 15న చలిలో పెట్టి, జనవరి 21న ఇంట్లోకి తెస్తే ఫిబ్రవరి రెండో వారంలో పూస్తుంది. మహాశివరాత్రి ఆ రోజుల్లో పడిన ఏడాది తెల్లటి పువ్వు శివుడి ముందు పెట్టుకున్నాను, ఆ వాసన జాగారం పొడుగునా గదిలో ఉంది. దుంప సైజు చుట్టుకొలతలో చెప్తారు: 17/18, 18/19 సెంటీమీటర్లు అన్నవి ఇంట్లో పూయించడానికి. 14/15 రకం తోటలో వేసుకోవడానికి, చవగ్గా ఉంటుంది కానీ కుండీలో పలచగా పూస్తుంది. ఒత్తి చూసి గట్టిగా ఉన్నవే తీసుకోండి. ముక్కు దగ్గర మెత్తబడితే వదిలేయండి.

ఉగాదికి కూడా ఇలాగే చేయాలా అని అడుగుతారేమో. మన వైపు తోటలో హయసింత్ మార్చి ఆఖరు, ఏప్రిల్‌లో తనంతట తనే పూస్తుంది, ఉగాదీ అప్పుడే. దానికి ఏ లెక్కా అక్కర్లేదు, అక్టోబర్‌లో నేలలో 10, 15 సెంటీమీటర్ల లోతున వేసి మర్చిపోండి. సంక్రాంతి కుండీలను కూడా పూత అయ్యాక పారేయకండి. పూసిన కాడ కోసేసి, ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ నీళ్లు పోసి, చలి తగ్గాక నేలలో నాటండి. మళ్లీ ఇంట్లో పూయించే శక్తి దానికి ఉండదు, ఒకసారి దాచుకున్నదంతా ఖర్చుపెట్టేసింది. తోటలో మాత్రం ఒకటి రెండేళ్లకు కాస్త పలచటి పువ్వుతో తిరిగి వస్తుంది. మా ఇంటి ముందు కంచె పొడుగునా ఉన్నవన్నీ పాత సంక్రాంతుల దుంపలే.

హైదరాబాద్‌లో మీ అమ్మగారు కూడా పెంచుతానంటున్నారని రాశారు. ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన చెరువులు నిండిపోయే గుర్రపుడెక్కను ఇంగ్లీషులో వాటర్ హయసింత్ అంటారు. దానికీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అసలు హయసింత్ శ్రీనగర్ తులిప్ తోటలో తులిప్‌ల పక్కన పూస్తుంది, ఎందుకంటే అక్కడ చలికాలం ఉంది. హైదరాబాద్‌లో ఉన్న చలికాలమంతా ఫ్రిజ్‌లోనే. 11, 12 వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, డిసెంబర్ ఆఖర్లో తీసి, గాజు పాత్రలో నీళ్ల మీద పెట్టి ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో ఉంచితే పూస్తుంది. నాలుగైదు రోజులు ఉంటుంది, అంతే. దుంపలు ఇక్కణ్ణుంచి సూట్‌కేసులో పంపకండి. మొక్కలు, దుంపలు ఇండియాలోకి తీసుకెళ్లాలంటే దిగుమతి పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. అక్కడి నర్సరీల్లో చలికాలం ముందు దొరికినవే కొనమనండి.

మీకు ఇప్పుడు చేయవలసింది ఒకటే. ఆగస్టు ఆఖరు నుంచి ప్రిపేర్డ్ దుంపలు షాపుల్లోకి వస్తాయి, సెప్టెంబర్ మధ్యకల్లా పెద్ద సైజులు అయిపోతాయి. రాగానే కొని, నాటకుండా, ప్యాకెట్‌లోంచి తీసి కాగితం సంచిలో, గాలి ఆడే చోట, ఎండ తగలని అల్మరాలో అక్టోబర్ 6 దాకా ఉంచండి. డిసెంబర్ మూడో వారంలో మొలక తడిమి చూశాక ఉబ్బెత్తు ఎక్కడ తగిలిందో రాయండి, ఆ రోజు తేవాలా ఆగాలా అప్పుడు చెప్తాను.